పేరు పెన్నది... నీరు తుంగభద్రది!

అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేదు. అలాంటి చోట కూడేరు మండలం కొర్రకోడు దగ్గర పెన్నకు అడ్డంగా ఓ జలాశయం ఉంది. అదే పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు... జనం నోట పీఏబీఆర్. పేరు పెన్నదే కానీ నీరు ప్రధానంగా తుంగభద్రది! కర్ణాటకలోని హోస్పేట దగ్గరి డ్యాం నుంచి ఎగువ కాలువలో ఇంతదూరం వస్తుంది.

వచ్చిన నీరు ఊరికే ఉండదు. కొంత కుళాయిల్లోకి వెళ్తుంది. కిందికి వదిలిన నీరు టర్బైన్లు తిప్పి కరెంటు పుట్టించి, మిడ్ పెన్నార్ జలాశయం చేరి పొలాలకు పారుతుంది.

ఇంతకీ ఆ తుంగభద్ర డ్యాం ఎలా ఉంది? మొదట్లో దాని నిల్వ సామర్థ్యం దాదాపు 132 టీఎంసీలు. ఇప్పుడు సుమారు 105. మిగతా చోటంతా పూడిక మింగేసింది. అంటే 11 టీఎంసీల పీఏబీఆర్ లాంటివి రెండు నిండేంత! అడుగున బురద పేరుకున్న కడవలో ఎన్ని నీళ్లు పడతాయి? డ్యాంలో నీరు తగ్గితే అదే దామాషాలో వాటాలకూ కోత పడుతుంది.

పూడిక ఒక్కటే కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. విశ్రాంత ఇంజినీరు కన్నయ్యనాయుడి ఆధ్వర్యంలో ప్రవాహంలోనే స్టాప్‌లాగ్‌లు దించి వారంలో నీటిని ఆపారు. ఈలోగా ఎన్నో టీఎంసీలు దిగువకు పోయాయి.

అందుకే అనంత రైతు మబ్బు కోసం ఆకాశం కేసి చూస్తే చాలదు... హోస్పేట కేసీ చూడాలి!