అమెరికా బాస్కెట్‌బాల్: లీగ్ ఆటకు, కాలేజీ ఆటకు మధ్య చెరుగుతున్న గీత

2018 మార్చి 16 రాత్రి షార్లెట్ నగరంలో జరిగిన ఒక మ్యాచ్ అమెరికా క్రీడాభిమానుల నోళ్లలో నేటికీ నానుతూనే ఉంది. విశ్వవిద్యాలయాల జాతీయ టోర్నీలో అగ్రశ్రేణి జట్టుగా బరిలోకి దిగిన వర్జీనియా ఆ సీజన్‌లో అప్పటికి ఓడినవి రెండే మ్యాచ్‌లు. ప్రత్యర్థి మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ విభాగం, అంటే యూఎంబీసీ. టోర్నీ 64 జట్లకు విస్తరించిన 1985 నుంచి పురుషుల విభాగంలో 16వ సీడ్ జట్లు ఒకటో సీడ్ జట్లతో 135 సార్లు తలపడి 135 సార్లూ ఓడాయి. ఆ రాత్రి మాత్రం యూఎంబీసీ 74-54తో గెలిచింది. వర్జీనియా సీజన్ అక్కడితో ముగిసింది.

అదే రెండు జట్లు ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడి ఉంటే ఫలితం తారుమారయ్యేదనడంలో సందేహం అక్కర్లేదు. మరుసటి ఏడాది వర్జీనియా ఏకంగా టైటిలే గెలుచుకుంది. అయితే కాలేజీ బాస్కెట్‌బాల్‌లో రెండో అవకాశం ఉండదు. వృత్తి క్రీడాకారుల లీగ్ అయిన ఎన్‌బీఏలో అలాంటి అవకాశాలు ఆరు దాకా దొరుకుతాయి. అమెరికాలో ఈ రెండు రకాల ఆటకూ వేర్వేరు అభిమానగణాలు ఉండటానికి మూలం ఈ తేడాలోనే ఉంది. ఏది గొప్పదన్న వాదన పాతదే. గత కొన్నేళ్లుగా కాలేజీ ఆట లీగ్‌లా, లీగ్ ఆట కాలేజీలా మారుతుండటమే కొత్త పరిణామం. ఈ మార్పులో ఎక్కువ నష్టపోయే ప్రమాదం మాత్రం కాలేజీ ఆటకే ఉంది.

నైపుణ్యంలో పోలిక లేదు

ఆట నాణ్యత ఒక్కటే కొలమానమైతే చర్చకు తావే లేదు. ఎన్‌బీఏలో ఉన్నవి 30 జట్లు. విశ్వవిద్యాలయ క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి విభాగంలో 360కి పైగా జట్లున్నాయి. ఏటా ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యేది సుమారు 60 మంది. వారిలోనూ కొందరు విదేశీ క్లబ్బుల నుంచి వస్తారు. అంటే కాలేజీ కోర్టులో కనిపించే ఆటగాళ్లలో అత్యధికులకు ఎన్‌బీఏ తలుపు ఎన్నటికీ తెరుచుకోదు.

నిబంధనలు ఈ అంతరాన్ని మరింత స్పష్టం చేస్తాయి. ఎన్‌బీఏలో బంతి చేతికందిన జట్టు 24 సెకన్లలోపు బాస్కెట్ వైపు విసరాలి. పురుషుల కాలేజీ ఆటలో ఆ గడువు 30 సెకన్లు. లీగ్ మ్యాచ్ 48 నిమిషాలు, కాలేజీ మ్యాచ్ 40 నిమిషాలు. మూడు పాయింట్ల గీత కూడా లీగ్‌లోనే ఎక్కువ దూరంలో ఉంటుంది. దీంతో ఎన్‌బీఏలో వేగం, వ్యక్తిగత ప్రతిభ రాజ్యమేలుతాయి. కాలేజీ ఆటలో కోచ్ వ్యూహానికి, జట్టు సమన్వయానికి, తడబాటుకు ఎక్కువ చోటుంటుంది. ఆ తడబాటునే కొందరు లోపంగా చూస్తారు, మరికొందరు ఆటకు ప్రాణంగా భావిస్తారు.

జట్టు ఎవరిది?

రెండో తేడా ప్రాంతానికి, అనుబంధానికి సంబంధించింది. ఎన్‌బీఏ జట్టు యజమాని ఆస్తి. లాభం లేదనుకుంటే ఊరు మార్చేయవచ్చు. శాక్రమెంటో కింగ్స్ 1985 వరకు కాన్సస్ సిటీ జట్టు. సియాటిల్ నగరం నాలుగు దశాబ్దాలు తనదిగా చెప్పుకున్న సూపర్‌సోనిక్స్ 2008లో ఓక్లహోమా సిటీకి తరలి, థండర్‌గా పేరు మార్చుకుంది. ఆ థండరే 2025లో ఎన్‌బీఏ విజేత. ఆ విజయాన్ని సియాటిల్ అభిమానులు ఎలా చూసి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

విశ్వవిద్యాలయం అలా తరలిపోదు. కాన్సస్, కెంటకీ, అయోవా వంటి రాష్ట్రాల్లో ఎన్‌బీఏ జట్టే లేదు. అక్కడ విశ్వవిద్యాలయ జట్టే రాష్ట్ర జట్టు. బాస్కెట్‌బాల్‌ను 1891లో రూపొందించిన జేమ్స్ నైస్మిత్ స్వయంగా కాన్సస్ విశ్వవిద్యాలయానికి తొలి కోచ్. అక్కడి కోర్టుకు ఆయన పేరే పెట్టారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలోని కామెరాన్ స్టేడియంలో పట్టేది తొమ్మిది వేల పైచిలుకు ప్రేక్షకులే. పెద్ద మ్యాచ్‌లకు చోటు కోసం అక్కడి విద్యార్థులు వారాల తరబడి ఆరుబయట గుడారాల్లో కాపురముంటారు. ఆ విద్యార్థికి కోర్టులో ఆడుతున్నవాడు తన క్యాంపస్‌లోనే, తనతోపాటే ఉండే కుర్రాడు. పట్టా పుచ్చుకుని వెళ్లిపోయినా ఆ జట్టు రంగు జీవితాంతం వెన్నంటి ఉంటుంది.

దీనికి తోడు మార్చిలో దేశమంతా ఆడే మరో ఆట ఉంది. టోర్నీలో ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి ‘బ్రాకెట్’ పత్రం నింపడం అక్కడ ఇళ్లలో, కార్యాలయాల్లో ఒక వేడుక. ప్రధాన దశలోని 63 మ్యాచ్‌లనూ నాణెం ఎగరేసి ఊహిస్తే, అన్నీ సరిపోయేందుకు ఉన్న అవకాశం 9 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక వంతు కన్నా తక్కువ. ఎవరూ పూర్తిగా గెలవలేరు కాబట్టే అందరూ ఆడతారు. ఆట గురించి ఏమీ తెలియని సహోద్యోగి నిపుణుడిని ఓడించడం ఏటా కనిపించే దృశ్యమే.

ఒకప్పుడు కాలేజీదే పైచేయి

ప్రజాదరణలో ఎన్‌బీఏ ఆది నుంచీ ముందుందనుకుంటే పొరపాటు. 1979 కాలేజీ ఫైనల్లో మ్యాజిక్ జాన్సన్ ఆడిన మిషిగన్ స్టేట్, లారీ బర్డ్ సారథిగా నిలిచిన ఇండియానా స్టేట్‌ను 75-64తో ఓడించింది. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఆ మ్యాచ్ సాధించిన టీవీ రేటింగ్‌ను నేటికీ ఏదీ దాటలేదు. మరుసటి ఏడాది ఎన్‌బీఏ ఫైనల్స్ చివరి మ్యాచ్‌లో అదే జాన్సన్ 42 పాయింట్లతో లేకర్స్‌కు టైటిల్ అందించాడు. ఆ మ్యాచ్‌ను దేశంలోని అనేక ప్రాంతాల్లో ప్రత్యక్షంగా కాక, అర్ధరాత్రి వేళ రికార్డు చేసిన ప్రసారంగానే చూపించారు.

జాన్సన్, బర్డ్, ఆ తర్వాత మైఖేల్ జోర్డాన్ ఈ బల్లెం దిశ మార్చారు. ముగ్గురూ కాలేజీ ఆటతో ఇంటింటా పరిచయమై, ఆ ఆదరణను లీగ్‌కు వెంట తీసుకెళ్లినవారే. నేడు ఎన్‌బీఏ ప్రసార హక్కుల విలువ 11 ఏళ్లకు సుమారు 7,600 కోట్ల డాలర్లు. 2025-26 సీజన్‌తో ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఎన్‌సీఏఏ పురుషుల టోర్నీ హక్కులకు 2016లో కుదిరిన పొడిగింపు విలువ ఎనిమిదేళ్లకు 880 కోట్ల డాలర్లు. మూడు వారాల టోర్నీకి ఇది చిన్న మొత్తమేమీ కాదు. అసలు వివాదానికి బీజం పడింది కూడా ఇక్కడే.

న్యాయం జరిగింది, బంధం సడలింది

వందల కోట్ల డాలర్లు చేతులు మారుతున్నా, ఆడే విద్యార్థులకు దశాబ్దాల పాటు దక్కింది ఉపకార వేతనమే. ‘ఔత్సాహిక క్రీడ’ అన్న పవిత్ర పదం చాటున కోచ్‌లు, విశ్వవిద్యాలయాలు, టీవీ సంస్థలు ఆర్జించాయి. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మరుసటి నెల నుంచే ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని వాణిజ్య ప్రకటనలకు వాడుకుని సంపాదించుకునే వీలు కలిగింది. 2025 జూన్‌లో హౌస్ కేసు రాజీకి న్యాయస్థానం ఆమోదం తెలపడంతో మరో మెట్టు దాటినట్లయింది. పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారంతో పాటు, ఒక్కో విశ్వవిద్యాలయం తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకు తన క్రీడాకారులకు నేరుగా చెల్లించవచ్చని ఆ రాజీ తేల్చింది.

ఇది ఆలస్యంగా అందిన న్యాయమే. అయితే ఇదే సమయంలో జట్టు మారడంపై ఉన్న ఆంక్షలు కూడా తొలగిపోయాయి. గతంలో విశ్వవిద్యాలయం మారిన ఆటగాడు సాధారణంగా ఏడాది పాటు కోర్టు బయటే కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారి, 2024 నుంచి ఎన్నిసార్లైనా వెంటనే ఆడుతూ మారే వెసులుబాటు వచ్చింది. ఫలితంగా ప్రతి వసంతంలో వందలాది మంది ఆటగాళ్లు కొత్త చోటు వెతుక్కుంటున్నారు. చిన్న విశ్వవిద్యాలయం తీర్చిదిద్దిన కుర్రాడిని పెద్దది ఎగరేసుకుపోతోంది. నాలుగేళ్లు ఒకే జెర్సీలో ఎదిగే ఆటగాడిని చూడటమే కాలేజీ అభిమానికి దక్కే అసలు ఆనందం. ఇప్పుడు ఏటా అతడు కొత్త పేర్లు నేర్చుకోవాల్సి వస్తోంది.

దీని ప్రభావం ఫలితాల్లోనూ కనిపిస్తోంది. జెర్సీ సిటీకి చెందిన చిన్న విద్యాసంస్థ సెయింట్ పీటర్స్, 2022లో కెంటకీ వంటి దిగ్గజాన్ని ఓడించి చివరి ఎనిమిది జట్లలో నిలిచింది. 15వ సీడ్‌కు అది తొలి ఘనత. 2023లో ఫెయిర్‌లీ డికిన్సన్ 63-58తో పర్డూను ఓడించి, యూఎంబీసీ తర్వాత ఒకటో సీడ్‌ను కూల్చిన రెండో 16వ సీడ్ జట్టయింది. 2025కు వచ్చేసరికి చివరి 16 జట్లూ కేవలం నాలుగు సంపన్న కూటముల నుంచే వచ్చాయి. సెమీస్ చేరిన నాలుగూ ఒకటో సీడ్ జట్లే. ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌పై నెగ్గింది. ఆట అద్భుతంగానే సాగింది, కానీ చిన్నవాడి కథ వినిపించలేదు. ఒక్క ఏడాదిని బట్టి తీర్పు చెప్పలేం. అయినా డబ్బు, ప్రతిభ ఒకేవైపు ప్రవహిస్తున్న తీరు చూస్తే ఇది యాదృచ్ఛికమని సరిపెట్టుకోవడం కష్టం.

లీగ్ నేర్చుకున్న పాఠం

మరోవైపు ఎన్‌బీఏకు తన బలహీనత తెలుసు. 82 మ్యాచ్‌ల సుదీర్ఘ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌కు విలువ తక్కువ. అగ్రతారలకు విశ్రాంతి పేరిట జట్లు మ్యాచ్‌లు తప్పించడంతో, ముందే టికెట్ కొన్న అభిమాని నిరాశ చెందుతున్నాడు. అందుకే 2023-24 నుంచి ప్రధాన అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన పెట్టారు. ప్లేఆఫ్స్ ముంగిట ‘ప్లే-ఇన్’ పోరును, 2023లో సీజన్ మధ్యలో నాకౌట్ దశతో ముగిసే కప్‌ను ప్రవేశపెట్టారు. ఓడితే ఇంటికే అన్న కాలేజీ ఉత్కంఠను లీగ్ కొంతమేర అరువు తెచ్చుకుందన్నమాట. జీతాల పరిమితి, డ్రాఫ్ట్ విధానం వల్ల లీగ్‌లో సమతూకం కూడా పెరిగింది. 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లలో ఏడు వేర్వేరు జట్లు విజేతలుగా నిలిచాయి. సమానావకాశం ఎక్కడుందని ఇప్పుడు అడిగితే జవాబు కాలేజీ వైపు చూపకపోవచ్చు.

మహిళల ఆట చెప్పే సంగతి

నాణ్యత ఒక్కటే అభిమానాన్ని నిర్ణయించదనడానికి మహిళల బాస్కెట్‌బాల్ గట్టి నిదర్శనం. 2024 ఏప్రిల్‌లో సౌత్ కరోలినా 87-75తో అయోవాను ఓడించిన మహిళల కాలేజీ ఫైనల్‌ను 1.85 కోట్లకు పైగా ప్రేక్షకులు వీక్షించారు. ఆ ఏడాది పురుషుల ఫైనల్ 1.5 కోట్లకు చేరలేదు. మహిళల ఫైనల్ పురుషులదాన్ని మించడం అదే మొదటిసారి. అయోవా రాష్ట్రంలో పుట్టి, అదే రాష్ట్ర విశ్వవిద్యాలయానికి నాలుగేళ్లు ఆడిన కైట్లిన్ క్లార్క్ అందుకు ప్రధాన కారణం. ఆమె వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో చేరగానే ఆ అభిమానులు ఆమె వెంట నడిచారు. ఒకే ఊరు, ఒకే జెర్సీ, నాలుగేళ్ల ఎదుగుదల కలిస్తే ఎంతటి ఆదరణ పుడుతుందో ఆమె చూపింది. కాలేజీ పురుషుల ఆట చేజార్చుకుంటున్నది సరిగ్గా దాన్నే.

భారతీయ పాఠకుడికి ఇదేమిటి?

భారత్‌లో విశ్వవిద్యాలయ క్రీడకు ఈ స్థాయి ఆదరణ లేదు. అంతర విశ్వవిద్యాలయ క్రికెట్‌కు రోహింటన్ బారియా ట్రోఫీ, విజయనగరం మహారాజ్‌కుమార్ పేరిట వెలసిన విజ్జీ ట్రోఫీ ఉన్నా, నేటి ప్రేక్షకుల్లో వాటి పేర్లు విన్నవారే అరుదు. ఇక్కడ పోలికకు దగ్గరగా వచ్చేది రంజీ, ఐపీఎల్‌ల వ్యత్యాసం. రాష్ట్రం పేరుతో ఆడే జట్టుకు గ్యాలరీలు ఖాళీ, వేలంలో కూర్చిన జట్టుకు స్టేడియం కిటకిట. స్థానిక అనుబంధం దానంతటదే అభిమానంగా మారదని, దానికి వేదిక, ప్రసారం, ఉత్కంఠ తోడవ్వాలని ఇది చెబుతోంది. అమెరికా విశ్వవిద్యాలయాలు శతాబ్ద కాలంగా కూర్చుకున్న సంపద అదే. అక్కడ చదువుతున్న వేలాది తెలుగు విద్యార్థుల్లోనూ కొందరు ఆ దేశంలో ‘మన జట్టు’ అని తొలిసారి చెప్పుకునేది క్యాంపస్ జట్టునే.

ఆటగాళ్లకు దక్కిన ప్రతిఫలాన్ని వెనక్కి తీసుకోవాలని ఎవరూ కోరలేరు, కోరకూడదు కూడా. చేయాల్సింది వేరే ఉంది. ఒకే చోట కొనసాగే ఆటగాడికి మేలు చేసే బహుళ సంవత్సర ఒప్పందాలు, ఆటగాడిని తీర్చిదిద్దిన చిన్న విశ్వవిద్యాలయానికి పరిహారం, టోర్నీలో చిన్న కూటములకు చోటు చెదరని హామీ వంటి అంశాలపై నిర్వాహకులు దృష్టి సారించాల్సి ఉంది. ప్రతిభలో ఎన్‌బీఏతో కాలేజీ ఆట ఎన్నటికీ పోటీపడలేదు. కేవలం రెండో శ్రేణి లీగ్‌గా మిగిలితే, మొదటి శ్రేణి లీగ్ టీవీలో కనిపిస్తుండగా దాన్ని చూసేదెవరు? ‘ఇది మన జట్టు, ఈ రాత్రి ఎవరినైనా ఓడించగలదు’ అన్న నమ్మకమే కాలేజీ ఆటకు మూలధనం. ఆ మూలధనం కరిగిపోతే ప్రసార హక్కుల కోట్లు కూడా ఎంతోకాలం నిలవవు.