కిటికీలో సరస్సు, కుళాయికి కరువు

ఢిల్లీలో ఎండ ముదిరితే చాలు, కుమావోన్ సరస్సుల దగ్గర కాటేజీల అద్దెలు కొండెక్కుతాయి. నైనీతాల్ రద్దీ భరించలేనివారు భీమ్‌తాల్, నౌకుచియాతాల్‌ల వైపు మళ్లుతున్నారు. పొద్దున పడవ షికారు, మధ్యాహ్నం వరండాలో కునుకు, సాయంత్రం వేడివేడి పకోడీలు. నగరవాసికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

అయితే నైనీతాల్ సరస్సు షికారుకు మాత్రమే కాదు. ఊరంతా తాగే నీళ్లూ అవే. 2017 వేసవిలో మట్టం పడిపోయి ఒడ్డున బురద మేటలు తేలాయి. వానలు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదు. సరస్సుకు భూగర్భం నుంచి నీరందించేది పైన ఉన్న సూఖాతాల్. పేరుకు తగ్గట్టే అది ఏడాదిలో చాలాకాలం ఎండి ఉంటుంది. ఎండిన చెరువంటే మనవాళ్లకు ఖాళీ స్థలమే కదా! కట్టడాలు వచ్చేశాయి. అక్కడి సుందరీకరణ పనులను 2022లో ఉత్తరాఖండ్ హైకోర్టు నిలిపివేయాల్సి వచ్చింది.

ఈ కొండలు ఎంత బలహీనమో 1880లోనే తెలిసింది. కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయారు. ఆ తర్వాతే బ్రిటిష్ వారు వాననీరు పోయేందుకు వాలుల్లో కాల్వల వ్యవస్థను విస్తరించారు. కాటేజీ కొనబోయేవారు ముందు అడగాల్సింది ఆ కాల్వల గురించే. ఏజెంట్లు మాత్రం బాల్కనీ నుంచి సరస్సు ఎంత మేర కనిపిస్తుందో చెబుతారు.