తెర ఇచ్చినవారిదే బాధ్యత

నూజివీడు అంటే రాష్ట్రమంతా చిన్న రసాల మామిడిని తలచుకుంటుంది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో మాత్రం ఆ పేరు వినగానే గుర్తొచ్చేది ట్రిపుల్ ఐటీ. అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఇడుపులపాయ, బాసరతో పాటు ఇక్కడా మొదలైంది. పదో తరగతి మార్కులతోనే సీటు, ఆరేళ్ల చదువు, హాస్టల్, చేతికో ల్యాప్‌టాప్. తెర మీద చదువు సంగతి మిగతా బడులకు 2020లో కరోనా నేర్పితే, ఈ మామిడి తోటల మధ్య పల్లెటూరి పిల్లలకు అది అప్పటికే పన్నెండేళ్లుగా అలవాటు. వాళ్ల జీవితాలు మారాయి. ఆ ల్యాప్‌టాప్‌ను వెనక్కి తీసుకోమనే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను.

నా అభ్యంతరం వేరు. కళ్లు మండుతున్నాయనో మెడ పట్టేసిందనో పిల్లవాడు చెబితే మనం వెంటనే ఇచ్చే సలహా ‘తక్కువ చూడు’ అని. పాఠం, నోట్సు, పరీక్ష, హోంవర్కు అన్నీ తెర మీదే పెట్టి తక్కువ చూడమంటే ఎలా? ఎన్ని గంటలు చూడాలో నిర్ణయించేది టైంటేబుల్. ఎలా కూర్చోవాలో నిర్ణయించేది బల్లా కుర్చీ. ఆ రెండూ పిల్లల చేతుల్లో లేవు.

కళ్ల మంటకు కారణం మామూలుదే. నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు ఆర్పే రెప్పలను తెర చూస్తుంటే ఆరేడు సార్లే ఆర్పుతాం. కంటి మీది నీటి పొర ఆరిపోయి ఇసుక పడ్డట్టుంటుంది. కాసేపు తెర ఆపేస్తే తగ్గుతుంది. దీన్ని అడ్డుపెట్టుకుని నీలికాంతిని ఆపే అద్దాలంటూ తల్లిదండ్రులకు అంటగట్టే వ్యాపారం సాగుతోంది. 17 ప్రయోగాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2023లో తేల్చింది ఏమిటంటే, ఆ అద్దాలతో కళ్ల అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదని.

తగ్గనిది హ్రస్వదృష్టి, అంటే దూరంలోవి మసకగా కనిపించడం. ఎదిగే వయసులో కనుగుడ్డు పొడవు పెరిగిందంటే మళ్లీ వెనక్కి రాదు. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఇది 4.1 శాతమే. చైనాలోని ఫెయ్‌చెంగ్‌లో ఏటా బడి పిల్లల కళ్లు చూస్తారు. అక్కడ 2015 నుంచి 2019 వరకు ఆరేళ్ల పిల్లల్లో ఏ ఏడాదీ 5.7 శాతం దాటని హ్రస్వదృష్టి, పిల్లలు ఇళ్లకే పరిమితమైన 2020లో 21.5 శాతానికి చేరింది. తప్పంతా తెరదే అనలేం. దగ్గరగా పెట్టుకుని చదివితే పుస్తకమూ కంటికి భారమే. ఆ నెలల్లో పిల్లలకు దగ్గరగా చూసే పని పెరిగింది, పగటి వెలుతురు కరువైంది.

ఆ వెలుతురు విలువ కూడా చైనాలోనే తేలింది. గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు పిల్లల్ని అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు మామూలు బడుల్లో 39.5 శాతం, ఈ బడుల్లో 30.4 శాతం. గదిలో ట్యూబ్‌లైటు వెలుతురు కొన్ని వందల లక్స్ (వెలుతురు కొలత) దాటదు, పగటిపూట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మా ఎండలకు పిల్లల్ని బయటికి ఎలా పంపుతామని ఆగిరిపల్లిలోనో ముసునూరులోనో ఎవరూ బెంగపడనక్కర్లేదు, మామిడి చెట్టు కింద కూర్చోబెట్టినా చాలు. అడ్డం వస్తున్నది ఎండ కాదు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం మన బడుల్లో మామూలైపోయింది.

తెర ఎంత దూరంలో ఉందన్న సంగతి మనం ఇంకా పట్టించుకోలేదు. కరోనా రోజుల్లో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఫోను ముందు అది పాతకాలపు పద్ధతిలా కనిపించింది గానీ, కంటికి మేలు చేసింది అదే. పాతిక సెంటీమీటర్ల దూరంలోని ఫోనును చూడటానికి కన్ను పడే శ్రమ, మూడు మీటర్ల అవతలి టీవీకి పడేదానికి పన్నెండు రెట్లు. 2022 డిసెంబరు 21న సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. పదమూడేళ్లంటే కన్ను ఇంకా పెరుగుతున్న వయసు. బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద తరగతి గోడలకు పెద్ద డిజిటల్ తెరలు కూడా వచ్చాయి. ఒకే పాఠం రెండింటిలోనూ ఉన్నప్పుడు గోడ మీదిదే చూపించాలి. ట్యాబ్ అభ్యాసాలకు ఉంచితే సరిపోతుంది.

ట్రిపుల్ ఐటీ పిల్లల వయసుకు హ్రస్వదృష్టి వేగం చాలామందిలో తగ్గుతుంది. వాళ్లకు అసలు బాధ మెడ, నడుము. తల బరువు సుమారు అయిదు కిలోలు. మెడను 60 డిగ్రీలు వంచితే దాని మీద పడే భారం 27 కిలోలకు చేరుతుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు లెక్కగట్టాడు. ల్యాప్‌టాప్‌లో చిక్కు దాని తయారీలోనే ఉంది. తెరా కీబోర్డూ అతుక్కునే ఉంటాయి కాబట్టి, తెర కళ్ల ఎత్తుకు వస్తే చేతులు పైకి లేపాలి, చేతులు దించుకుంటే మెడ వంచాలి. హాస్టల్ మంచం మీద ఒళ్లో పెట్టుకుంటే రెండూ చెడతాయి. విడిగా ఒక కీబోర్డు, ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు ఉంటే ఈ చిక్కు తీరుతుంది. ల్యాప్‌టాప్ ఖర్చుతో పోలిస్తే కీబోర్డు ధర ఎంత?

2019 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల పథకం ‘కంటి వెలుగు’ తొలి విడతలో బడి పిల్లల కళ్లే చూశారు. మూడేళ్లకు ట్యాబ్‌లు వచ్చాయి. రెండూ వేటికవే పథకాలుగా నడిచాయి. వాటిని ఒకటి చేయాలి. ట్యాబ్ ఇచ్చే రోజే కంటి పరీక్ష జరిపి, ఏడాదికోసారి మళ్లీ చూసి, అద్దాల ఖర్చు పరికరం బడ్జెట్‌లోనే పెట్టాలి. ట్రిపుల్ ఐటీలో చేరేటప్పుడు చూపు, మెడ, నిద్ర వివరాలు రాసుకుని ఆరేళ్లూ గమనిస్తే, తెర మీద చదువు పల్లె పిల్లల ఒంటికి ఏం చేస్తుందో చైనా లెక్కలు తిరగేయకుండా మన పిల్లల లెక్కల్లోనే చూడవచ్చు. కొత్త బ్యాచ్ చేరికలతోనే ఇది మొదలుపెట్టవచ్చు.