ఆలివ్ చెట్ల కింద గడ్డి

మన ఇళ్ళలోకి ఆలివ్ నూనె ఎప్పుడు వచ్చిందంటే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. మొదట పసిపిల్లల ఒంటికి రాయడానికి వచ్చింది. తర్వాత డాక్టరు గారు కొలెస్టరాల్ అనగానే వంటింట్లోకి వచ్చేసింది. ఆవకాయలోకి మాత్రం రానివ్వలేదు లెండి, అక్కడ నువ్వుల నూనెదే రాజ్యం! 2023లో ఆ సీసా ధర చూసి మళ్ళీ అరలో పెట్టేసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. స్పెయిన్‌లో వానల్లేక, ఎండలు మండి, 2022-23 సీజన్లో నూనె సుమారు 6.65 లక్షల టన్నులకు పడిపోయింది. అంతకు ముందు ఏడాది దాదాపు 15 లక్షల టన్నులు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఆలివ్ నూనె తీసే దేశం అది. అక్కడ పంట పోతే ఆ సంగతి లండన్‌లో మన పోపు గిన్నెకి తెలుస్తుంది.

వాన రాకపోవడం ఒక కష్టం. వచ్చిన వాన నేలనే మోసుకుపోవడం ఇంకో కష్టం. రెండోదాని గురించి పేపర్లలో అంతగా రాదు కాబట్టి ఈసారి దాని గురించే.

ఈస్టర్ సెలవుల్లో మేం మాలగాలో కారు అద్దెకు తీసుకుని, హయేన్ మీదుగా కొర్దోబా వెళ్ళాం. ఒక్క హయేన్ ప్రాంతంలోనే 6 కోట్లకు పైగా ఆలివ్ చెట్లున్నాయి. గుట్ట వెనక గుట్ట, ఎటు చూసినా అవే. చెట్టుకీ చెట్టుకీ మధ్య పది పన్నెండు మీటర్ల ఎడం. కొన్ని తోటల్లో ఆ ఎడమంతా అలికిన వాకిలిలా నున్నగా ఉంది. కొన్నిటిలో మోకాలెత్తు గడ్డి, దాని మీద పసుపు పూలు. "గడ్డి ఉన్నవాళ్ళు లేజీ కదా డాడీ" అని మా పిల్లలు తీర్పు చెప్పేశారు. అక్కడి పల్లెల్లోనూ తరతరాల అభిప్రాయం అదే. గడ్డిపోచ లేకుండా దున్నినదే 'శుభ్రమైన' తోట. పక్క చేను వాడు చూసి మెచ్చుకునేది అలాంటి తోటనే.

ఆ శుభ్రానికి ఖరీదు చెట్టు మొదట్లో కనిపిస్తుంది. వాలు మీద ఉన్న ముసలి చెట్లు చాలావరకు చిన్న దిబ్బల మీద నిలబడి ఉంటాయి. ఎవరో మట్టి ఎగదోశారనుకుంటాం. కాదు, చెట్టు వేళ్ళు పట్టుకున్న మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది కొట్టుకుపోయింది. శాస్త్రవేత్తలు చెట్టు వయసు, ఆ దిబ్బ ఎత్తు కొలిచి ఎన్నేళ్ళలో ఎంత నేల పోయిందో లెక్క కడతారు. పిల్లలూ, మీరూ ఒక లెక్క చేయండి. హెక్టారు అంటే 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, మన రెండున్నర ఎకరాలు. దాని మీద నుంచి కేవలం ఒక మిల్లీమీటరు మందం మట్టి పోతే పది ఘనపు మీటర్లు, అంటే 12, 13 టన్నులు. ఒక లారీ నిండుగా మట్టి పోయినా రైతు కంటికి ఏమీ ఆనదు. అలాంటి ఒక్క మిల్లీమీటరు తిరిగి తయారవడానికి ఏళ్ళు పడుతుంది.

దీనికి విరుగుడు వరుసల మధ్య నేలను కప్పే పంట. కొందరు బార్లీ చల్లుతారు. కొందరు వెచ్ అనే చిక్కుడు జాతి తీగ వేస్తారు, దాని వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. ఇంకొందరు తెల్ల ఆవాలు వేస్తారు. ఆవ మొక్కల ఘాటుతో మట్టిలోని ఎండు తెగులు శిలీంధ్రాన్ని అదుపు చేయవచ్చునని వాళ్ళ ఆశ. ఏమీ కొనకుండా, మొలిచిన గడ్డినే ఉండనిచ్చేవాళ్ళూ ఉన్నారు. చినుకు ముందు ఆకు మీద పడి జారుతుంది కాబట్టి మట్టి చెదరదు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

ఆ రాత్రి ప్రకాశం జిల్లాలో ఉన్న మా నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆయన మిరప తోటలో గడ్డిపోచ కనపడితే అన్నం సహించని మనిషి.

"ఏందిరా, గడ్డి పెంచుతున్నారా? విత్తనాలు కొని మరీనా?"

"అవును నాన్నా, మట్టి పోకుండా."

"మట్టి సంగతి సరే, నీళ్ళెవరు తాగుతారు? చెట్టా, గడ్డా?"

ఎన్నో పరిశోధనలు తిరిగేది ఈ ప్రశ్న చుట్టూనే! అక్కడ వానలు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పడతాయి, ఎండాకాలమంతా చుక్క ఉండదు. చలికాలంలో ఆలివ్ చెట్టు పెద్దగా నీళ్ళడగదు కాబట్టి గడ్డి పెరిగినా నష్టం లేదు. మార్చి వెళ్ళి ఎండ ముదిరేసరికి ఇద్దరికీ దాహం మొదలవుతుంది. మేలో పూత. అందుకని మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో గడ్డిని కోసి, ఉన్నచోటే పరిచేయాలి. ఎండిన గడ్డి వేసవిలో నేల తడి ఆరకుండా కాపాడుతుంది. ముందే కోస్తే నేలకు కప్పు చాలదు, పది రోజులు ఆలస్యమైతే ఈ ఏటి నూనె గడ్డి తాగేస్తుంది. ఏ ఏడు వాన ఎప్పుడు ఆగుతుందో ఎవరికి తెలుసు? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం రిలీజ్ తేదీని వారం వెనక్కి జరుపుతాం, ఆలివ్ పూత మన కోసం ఆగదు.

చివరికి నాన్న, "అయితే మన పిల్లిపెసర లాంటిదేనన్నమాట" అన్నారు. వరి కోతల వేళ చల్లే పిల్లిపెసర, నాట్లకు ముందు వేసే జనుము, జీలుగ మన రైతులకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయంలో ఏడాది పొడుగునా నేలను కప్పి ఉంచాలంటున్నారు, వానలకు ముందే నవధాన్యాలు చల్లిస్తున్నారు. తేడా ఏమిటంటే జనుమూ జీలుగా మనం కలియదున్నుతాం, ఆ వాలు తోటల్లో దున్నకుండా పైనే వదిలేస్తారు. "దున్నకుండానా?" అన్నారు నాన్న. ఆయనకింకా నమ్మకం కుదరలేదు.

స్పెయిన్ రైతుకూ అంత తేలిగ్గా కుదరదు. ఈ ఏటి నూనె ఇప్పుడే అమ్ముకోవచ్చు, మిగిలిన మట్టి లాభం మనవల నాటికి గానీ తెలియదు. అందుకే 2023లో మొదలైన యూరోపియన్ యూనియన్ వ్యవసాయ విధానం కింద, తోటల్లో నేలను కప్పి ఉంచే రైతులకు హెక్టారుకు ఇంత అని డబ్బిస్తున్నారు. వాలు ఎక్కువైతే ఆ మొత్తమూ ఎక్కువ. కత్తిరించిన కొమ్మలను ముక్కలు చేసి పరిచినా లెక్కే. నా దృష్టిలో ఇది దానం కాదు, మనందరి తరఫున కట్టే అద్దె.

ఇటలీ దక్షిణాన పూలియాలో మాత్రం కథ తిరగబడింది. అక్కడ 2013లో జైలెల్లా అనే బాక్టీరియా బయటపడింది, లక్షల చెట్లు ఎండిపోయాయి. దాన్ని మోసే పురుగు పిల్లలు వసంతంలో గడ్డి మీదే, ఉమ్మి లాంటి నురగలో పెరుగుతాయి. మన తోటల్లో కాడల మీద కనిపించే 'కుకూ స్పిట్' ఆ పురుగుదే! అందుకని తెగులు ప్రాంతాల్లో వసంతంలో గడ్డి తీసేయాలని అక్కడ నిబంధన పెట్టారు. హయేన్‌లో మందైనది అక్కడ తెగులుకు ఇల్లయింది.

ఇప్పుడు పిల్లలకు పని. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకుని పడుకోబెట్టండి. పై భాగం అమ్మతోనో నాన్నతోనో కిటికీలా కోయించండి. రెండిట్లో మూతి అంచు దాకా మట్టి నింపండి. ఒకదాంట్లో మెంతులు ఒత్తుగా చల్లి, మూడు వారాలు కిటికీ దగ్గర పెట్టి తడుపుతూ ఉండండి. తర్వాత మూతలు తీసి, అడుగు వైపు ఒక్కో పుస్తకం ఎత్తు పెట్టి, మూతి కింద గాజు గ్లాసులు ఉంచండి. రెండిటి మీదా ఒకే కొలత నీళ్ళు చిలకరించండి. ఏ గ్లాసులో ఎన్ని నీళ్ళు, ఏ రంగు? ఫోటో తీసి పత్రికకు పంపితే వచ్చే సంచికలో వేస్తాం. మెంతికూర పప్పులోకి కోసేది ఫోటో తీశాకే సుమా!