ఆనవాలు లేని ఊళ్లు

జంషెడ్‌పూరు నగరంలో బిర్సానగర్ అనే పెద్ద బస్తీ ఉన్నది. నివాసస్థలంపై యాజమాన్యపు హక్కు ఇమ్మని చిరకాలంగా కోరుతున్న 86 బస్తీలలో అదీ ఒకటి. ఆ పేరు దాల్చిన బిర్సా ముండా (1875–1900) పోరాడినదీ నేల కోసమే. అడవి నరికి ఊరు కట్టిన వంశానిదే ఆ ఊరి భూమి అన్నది ముండాల సంప్రదాయం. దానిని ఖూంట్‌కట్టి అంటారు. జమీందారులు ఆ భూమిని కాజేసి, సొంతదారుల చేతనే వెట్టిచాకిరి చేయించుకున్నారు. బిర్సా రాంచీ జైలులో కన్నుమూసిన ఎనిమిదేండ్లకు, 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం ఖూంట్‌కట్టి హక్కును గుర్తించింది.

అడవిలో ఊళ్లు కట్టుకొని కూడా అటువంటి గుర్తింపునకు నోచుకోనివారు మన దక్షిణాదిన ఉన్నారు. వారు కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలు. పోర్చుగీసువారు తూర్పు ఆఫ్రికా నుండి బానిసలుగా గోవాకు తెచ్చినవారి సంతతి వీరిలో అధికం. యజమానుల ఇండ్ల నుండి పారిపోయినవారూ, విడుదలైనవారూ పోర్చుగీసుల చేయి అందని సహ్యాద్రి అడవులలోకి చేరి, నేటి ఎల్లాపురం, హళియాళ, అంకోలా ప్రాంతాలలో పల్లెలు కట్టుకున్నారు. హైదరాబాదు ఏ.సి. గార్డ్స్ ఎరిగిన పాఠకులకు నిజాం కొలువులోని ఆఫ్రికన్ రౌతులు గుర్తుకు రావచ్చు. వారి కథ వేరు. వారు కొలువులో ఉన్నవారు, వీరు కొలువును వదలి పారిపోయినవారు. నేడు ఈ సిద్దీల ఇండ్లలో మాట కొంకణి. పాత గుడ్డపేలికలు కూర్చి స్త్రీలు కుట్టే 'కవంది' బొంతలు మాత్రం చూచి తీరవలసినవి.

ఇట్టి ఊళ్లు ప్రపంచంలో ఇంకా ఉన్నవి. జమైకా కొండలలోకి పారిపోయిన బానిసలను గెలువలేక, 1739లో ఆంగ్లేయులు వారి నాయకుడు కుడ్జోతో సంధి చేసుకొని 1500 ఎకరాలు వ్రాసి ఇచ్చారు. వారి ఊళ్లలో అకాంపాంగ్ నేటికీ నిలిచి ఉన్నది. కాని సంధిలో ఒక షరతు కలదు: ఇకమీదట పారిపోయి వచ్చే బానిసలను పట్టి అప్పగించవలెను! స్వేచ్ఛాపత్రానికి అంత ధర చెల్లించవలసి వచ్చిందే అని మనసు చివుక్కుమంటుంది.

సిద్దీలకు ఆపాటి పత్రమూ లేదు. అడవులు సర్కారువి కాగానే, తాము చదును చేసిన నేలలోనే వారు ఆక్రమణదారులైనారు. ఎందరో పోకతోటల ఆసాములకు అప్పులుపడి కూలీలుగా మిగిలారు. 2003లో గాని ఉత్తర కన్నడ సిద్దీలకు షెడ్యూల్డు తెగల జాబితాలో చోటు దొరకలేదు. అది కేవలం ఉద్యోగాల రిజర్వేషన్ల సంగతి కాదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం ప్రకారం, గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందునుంచీ భూమి తమ అనుభవంలో ఉన్నదని చూపితే చాలును. ఇతరులైతే 75 ఏండ్ల నివాసం రుజువు చేయాలి. పట్టుబడకుండా ఉండటానికి ఆనవాళ్లు చెరుపుకుంటూ బ్రతికిన ముత్తాతలు ఏ కచేరీలో ఆ రుజువు దాచి ఉంటారు?

2020లో శాంతారామ్ సిద్ది కర్ణాటక విధానపరిషత్తుకు నామినేట్ అయ్యారు. ఆ సభలో అడుగుపెట్టిన తొలి సిద్దీ ఆయనే.