పిచ్చి తుమ్మల లోయలో

ఆల్థాన్‌లో రాయి కనిపించదు. సూరత్ దక్షిణాన, అపార్ట్‌మెంట్ల వెనక కాంకరా ఖాడీ గట్టు మీద గంటసేపు నడిచినా కాలికి అంటేది నల్లమట్టే. నాతో వచ్చిన మగ్గం కార్మికుడిది నిజామాబాద్ జిల్లాలో బోధన్ దగ్గరి పల్లె. ఓ పెళ్లను చిదిమి, "ఇది మా రేగడే గద సార్" అన్నాడు.

అన్నది నిజమే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్‌ను ముంచెత్తిన లావాయే ఆ రేగడికి తల్లి. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తాపీ నది 724 కిలోమీటర్ల దారిలో ఆ రాతినే అరగదీసి తెచ్చి సూరత్ నేలను పేర్చింది. ఆ లావాలో కొంత అప్పటి నదీలోయల వెంట రాజమండ్రి పక్కన కాతేరు దాకా పారిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తలు నమ్ముతారు. మనవాళ్లు బతుకుతెరువుకు సూరత్ రావడం నిన్నమొన్నటి సంగతి!

గట్టు నిండా సర్కారు తుమ్మ. అమెరికా ఖండం మొక్క. ఉప్పు నేలకూ జంకదు, తన నీడన మరో మొక్కను సులువుగా బతకనివ్వదు. మనం ప్రభుత్వం పేరు పెట్టుకున్నాం. గుజరాతీలు 'గాండో బావళ్' అంటారు, అంటే పిచ్చి తుమ్మ. వాళ్ల పేరే నయం. నీరు నిలిచినచోట జమ్ము, గుర్రపుడెక్క. ఇక ఉప్పు సంగతికొస్తే, పక్కనే ఉన్న భీమ్‌రాడ్‌కు గాంధీ 1930 ఏప్రిల్ 9న ఉప్పు సత్యాగ్రహానికే వచ్చారు.

నగరపాలక సంస్థ ఈ ఖాడీ వెంట 'వైల్డ్ వ్యాలీ' పేరుతో జీవవైవిధ్య పార్కు చేపట్టింది. లోయ అనడం కాస్త అతిశయమే గానీ, పని మంచిదే. అయితే నాటిన మొక్కల లెక్క కన్నా ఖాడీకి ఎంత జాగా వదిలారన్నదే నాకు ముఖ్యం. పైన వాన, కింద సముద్రపు పోటు ఒకేసారి వస్తే ఖాడీల నీళ్లు వెనక్కి తన్నుతాయి. పక్కకు పరుచుకునే నేల లేకపోతే బస్తీల్లోకే దారి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లతో తాపీ పొంగి నగరంలో ఎక్కువ భాగం మునిగింది. ఖాడీల వరదకు అంతటి ఉపద్రవం అక్కర్లేదు, గట్టి వాన చాలు.

నా తోడు వచ్చినాయన ఉండేది లింబాయత్‌లో, మరో ఖాడీ పక్కన. జూన్ రాగానే బియ్యం డబ్బా అటకెక్కిస్తారట. దీపావళికి గానీ దించరు.