గృహవైద్యము: నీరే తొలిమందు



గడచిన వేసవిలో నేను గంజి వార్చుచుండగా గిన్నె జారి, చెంతనున్న మా చిన్నవాని ముంజేతిపై వేడిగంజి పడినది. వాని యేడ్పు విని అత్తగారు వెన్నను, పొరుగింటి వదినగారు టూత్‌పేస్టును తెచ్చిరి. నేనును వెన్నకే చేయి చాచితిని. అంతలో ఆరవ తరగతి చదువుచున్న మా పెద్దపిల్ల "అమ్మా, ముందు నీళ్లు!" అని తమ్ముని కుళాయి క్రిందికి తీసికొనిపోయినది. ఇన్ని కావ్యములు చదివిన నాకు తోచనిది దానికి తోచినది.

కాలిన చోటును వెంటనే పారెడు చల్లని నీటిక్రింద 20 నిమిషములు ఉంచవలెను. లోపలికి దిగిన వేడిని తీసివేయునది నీరే. వెన్నయు, నూనెయు దానిని లోననే నిలుపును. మంచుగడ్డ పెట్టరాదు. వాపు రాకమున్నే గాజులు, ఉంగరములు తీయవలెను. అంటుకొనిన బట్టను లాగరాదు, పొక్కులను చిదుపరాదు. పిదప శుభ్రమైన పలుచని బట్టను వదులుగా కప్పవలెను. ముఖము, చేతులు, కీళ్లు కాలినను, గాయము అరచేతికంటె పెద్దదైనను వైద్యునికి చూపవలసినదే.

వడదెబ్బకును నీరే తొలిమందు. 2015 మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వేయిమందికి పైగా వడగాడ్పులకు బలియైరి. ఒడలు పెనమువలె కాలుచు, మాట తడబడినచో జాగు తగదు. 108కి ఫోను చేయించి, మనిషిని నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచుండవలెను. స్పృహ తప్పినవారి నోట మాత్రము నీరు పోయరాదు.

మా వాని చేతిపై నేడు మచ్చయైనను లేదు. ఈ నాలుగు మాటలను మీ యింటి పెద్దలకును, పిల్లలకును చదివి వినిపింపుడు.